మూడూ పది గుంట

జూలై 2
పదకొండింటికి వీడియో కాల్‌లో మొదటి ఇంటర్వ్యూ. బీరువాకు వీపు పెట్టి కూర్చున్నాను, పెచ్చులూడిన గోడ కనపడకుండా. కన్సల్టింగ్ కంపెనీ, నెల్లూరు ఆఫీసు, ఫైనాన్షియల్ అనలిస్ట్ పోస్టు. అడిగినతను మా మేనల్లుడి ఈడువాడు.
"బీకాం తర్వాత ఇరవై మూడేళ్లు ఏం చేశారు మేడమ్?"
రొయ్యల గుంటల లెక్కలు రాశానన్నాను. మాదీ, ఇరుగుపొరుగు వాళ్లవీ.
"జీతానికా?"
కాదండీ.
నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు.

జూలై 3
ఆయన ముత్తుకూరు నుంచి వచ్చారు. ముఖం తుడిచిన తువ్వాలు నల్లగా... మా గుంట వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగానికి పోయాక ఈ బొగ్గు యార్డు డ్యూటీ. దగ్గు తగ్గలేదు. "నీకొస్తే నేను మానేస్తా" అన్నారు. నేను అడగలేదు.

జూలై 6
రెండో రౌండు. ఇంట్లో చేసి పంపే పరీక్ష. నిజమైన గుంట ఒకటి తీసుకుని రోజువారీ మేతతో షీటు చేయాలి. రైతు పేరు అక్కర్లేదు. మేత పదో వంతు తగ్గిన రోజుకు ఎరుపు వేయాలి. రోగమొస్తే రొయ్య ముందు మేత మానేస్తుంది - వాళ్లకీ తెలుసు.
పక్కింటి కరుణక్క పుస్తకం తీశాను. బావ పోయినప్పటి నుంచి ఆమె లెక్క నేనే రాస్తున్నా. అడిగి తీసుకుందామంటే చర్చి నుంచి ఇంకా రాలేదు.

జూలై 7
పంపేశాను. నాలుగు రోజులు ఎరుపు పడ్డాయి. అవి ముసురు పట్టిన రోజులు. వాన ఆగాక మేత మామూలే. వాన వల్ల అని పక్కన రాద్దామంటే గడి లేదు.

జూలై 10
నెల్లూరులో ఆఖరి ఇంటర్వ్యూ. ముగ్గురు. పెద్దాయన నా షీటు గోడ మీద తెరకు వేయించాడు.
"మా వాళ్లు కూడా ఇంత శుభ్రంగా చేయరు మేడమ్. మా క్లయింటుకు చూపించొచ్చా?"
తప్పకుండా సార్, అన్నాను.
బస్సు తోటపల్లి గూడూరు దాటేదాకా ఆ మెచ్చుకోలే చెవుల్లో. క్లయింటు ఎవరని అడగనే లేదు.

జూలై 14
కరుణక్కకు మేత లారీ రాలేదు. డీలరు ఫోనెత్తడు.

జూలై 15
ఎత్తాడు. "కంపెనీ నుంచి చెప్పినారక్కా, మూడూ పదికి అప్పు మేత ఆపమని. రోగమంట గదా."
అక్క గేటు దగ్గర నిలబడి ఒకటే అరుపు. "నా గుంటకు రోగమని ఏ నోరు కూసిందో, ఆ నోట్లో పురుగులు పడ!"
లోపలికొచ్చి షీటు తెరిచాను. పేరు లేదు. మండలం అడిగారు, రాశాను. విస్తీర్ణం: మూడెకరాల పది సెంట్లు. మూడని రాసి ఊరుకుంటే పోయేది. నాకు చేతకాదు. ఇక్కడ గుంటను మనిషి పేరుతో ఎవరు పిలుస్తారు? మాది రెండూ నలభై. ఆమెది మూడూ పది. చుట్టుపక్కల ఇంకో మూడూ పది లేదు.
క్లయింటు మేత కంపెనీ అన్నమాట.

జూలై 16
అక్క ఒక పూట మేత ఆపింది. ఇంకో ఇరవై రోజులు మేపితేగాని రొయ్య పట్టుబడికి రాదు.


జూలై 17
ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి. ఈ సాయంత్రం ఐదింటి లోపల ఒప్పుకుంటున్నట్టు మెయిల్ పెట్టాలి. ఆయన ఫోన్లో రెండుసార్లు చదివించుకున్నారు. యార్డులో మానేస్తానని చెప్పేసినట్టున్నారు.
నాలుగింటికి కరుణక్క వచ్చింది.
"వచ్చిందంట గదా అమ్మాయ్! ప్రభువు మేలు చేసినాడు."
కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత - "ఇంక పెద్దోళ్లతో పని గదా నీకు. నా పుస్తకం రాసేదే నువ్వు. మూడూ పదికి రోగం లేదని వాళ్లకొక మాట చెప్పకూడదా?"
చెబుతానక్కా, అన్నాను.
చెప్పాలంటే ఆ షీటులో గుంట ఎవరిదో ముందు నేనే ఒప్పుకోవాలి. నా ఎరుపు తప్పనాలి. వాళ్లు మెచ్చింది ఆ షీటునే. అక్కకు ఏమని...
టీ పెట్టే వంకతో వంటింట్లోకి వచ్చి రాస్తున్నా. నాలుగున్నర.
"పంచదార తక్కువెయ్ అమ్మాయ్" అంటోంది హాల్లోంచి.