సీటు మీద బ్యాగు

బండారులంక,
జూన్ 4

క్లెయిముల అధికారి ఆంజనేయప్రసాద్ గారికి జెస్సీ నమస్కరించి రాస్తున్నది.

మా అమ్మ రాహేలు పేరున మీ దగ్గర ఇంటి పాలసీ ఉంది. ఇంట్లోవాళ్ల వస్తువులు బయట దొంగతనానికి గురైనా పరిహారం ఇస్తారని అందులో చదివాను. సోమవారం అమలాపురం బస్టాండులో నా లాప్‌టాప్ బ్యాగు పోయింది. బ్యాగు రామచంద్రపురం బస్సులో సీటు మీద ఉంది, నేను కింద ఉన్నాను. పోలీసు ఫిర్యాదు నకలు జతపరిచాను.

వచ్చే నెల మొదట్లో నాకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ ఉందండి. నా మొదటి ఉద్యోగం కావచ్చు. ఫోనులో కుదరదని వాళ్లు ఖచ్చితంగా చెప్పారు. దయచేసి త్వరగా చూడగలరు.

ఆశతో,
జెస్సీ

తా.క.: బ్యాగులో పులిహోర కూడా ఉంది. దాన్ని అడగడం లేదు. గిన్నె మాత్రం కొత్తది.

---

హైదరాబాదు,
జూన్ 9

జెస్సీ గారికి,

మీ ఉత్తరం అందింది. బ్యాగు బస్సులో ఉండగా మీరు కింద ఎందుకు ఉన్నారో అర్థం కాలేదు. కాపలా లేకుండా వదిలేసిన వస్తువుకు పాలసీ వర్తించదు. వివరణ పంపగలరు.

భవదీయుడు,
ఆంజనేయప్రసాద్

తా.క.: గిన్నెకు బిల్లు ఉందా?

---

బండారులంక,
జూన్ 12

ప్రసాద్ గారికి నమస్కారాలు.

మీరు మా వైపు బస్సు ఎక్కినట్టు లేరు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలో బ్యాగో సీటు మీద వేస్తాం. ఇక ఆ సీటు మనదే. తలుపు దగ్గర తోపులాట తగ్గాక తీరిగ్గా ఎక్కవచ్చు. నేనూ అలాగే వేశాను.

ఈలోగా ఎవడో అవతలి కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ బ్యాగు నాదండీ, వేరే బస్సుకి వెళ్తున్నాను, కొంచెం అందిస్తారా?" అన్నాడట. రోజూ ఆ బస్సులో వెళ్లే మా ఊరి భూలక్ష్మి పిన్ని "ఆయ్, దానికేం భాగ్యమండీ" అని బ్యాగు ఎత్తింది. నలుగురూ చేతులు మార్చి అందించారు. రిటైరైన కృపారావు మాస్టారైతే, "జాగ్రత్త బాబూ, బరువుగా ఉంది" అని కూడా చెప్పారట.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
జెస్సీ

తా.క.: దొంగ అందరికీ థాంక్స్ చెప్పాడట. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

---

హైదరాబాదు,
జూన్ 17

జెస్సీ గారికి,

నలుగురి చేతులు మారి బ్యాగు బయటికి వెళ్లిందంటే అది ముఠా పని అని మా విభాగం అభిప్రాయం. బరువు సంగతి ముందే తెలిసిన కృపారావు అనే వ్యక్తి దాని నాయకుడు కావచ్చు. అతని పూర్తి వివరాలు పంపండి.

భవదీయుడు,
ఆంజనేయప్రసాద్

తా.క.: భూలక్ష్మి అతనికి ఏమవుతుంది?

---

బండారులంక,
జూన్ 20

అయ్యా,

మీ ఉత్తరం మాస్టారికి చదివి వినిపించడం నా పొరపాటే. పిల్లలకు లెక్కలు చెబుతూ జీవితమంతా గడిపిన మనిషి. నిన్నటినుంచి కాఫీ కూడా ముట్టలేదు.

భూలక్ష్మి పిన్ని మాత్రం ఊగిపోతోంది. "ముఠా అన్నారా మమ్మల్ని! రమ్మనవే ఆయన్ని. ఏం చూసి రాసేరో అడుగుతాను. భోజనం చేయకుండా వెళ్తానంటే మాత్రం ఊరుకోను, చెప్పు."

ఇంటర్వ్యూ దగ్గర పడింది. ఒక్కసారి మీరే వచ్చి మా బస్సు ఎక్కి చూడండి.

దిగులుగా,
జెస్సీ

తా.క.: మీరు చేపలు తింటారా అని పిన్ని కనుక్కోమంది. కోపం అలాగే ఉందట, అది వేరే సంగతట.

---

హైదరాబాదు,
జూన్ 27

చిరంజీవి జెస్సీకి,

మొన్న చెప్పకుండా అమలాపురం వచ్చాను. రామచంద్రపురం బస్సు రాగానే అందరిలాగే నేనూ కిటికీలోంచి బ్యాగు వేశాను. కాపలా ఎంతుందో చూద్దామని అవతలి వైపుకు వెళ్లి, "ఆ బ్యాగు నాదండీ, అందిస్తారా?" అన్నాను.

కిటికీ పక్కనున్నావిడ బ్యాగును ఒళ్లోకి లాక్కున్నారు. "మొన్న మా అమ్మాయి బ్యాగు ఇలాగే పట్టుకుపోయేరండి. లోపలేముందో చెప్పండి ముందు."

"ఫైళ్లు."

"ఇంకా?"

"కళ్లజోడు."

"ఇంకా?"

అంతేనన్నాను. ఆవిడ జిప్పు తీసి పూతరేకుల పొట్లం పైకెత్తారు. నాకు షుగరుందని, ఇంట్లో తెలియకుండా కొన్నానని బస్సంతా వింటుండగా ఒప్పుకోవలసి వచ్చింది. వెనకసీటు పెద్దాయన నా గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ముఠా అని రాసింది తమరేనాండీ?" అన్నారు. అక్కడే చేతులు జోడించి క్షమాపణ చెప్పుకున్నాను. బ్యాగు తిరిగి ఇచ్చారు. పూతరేకులు ఇవ్వలేదు.

అమ్మా, కాపలా లేదని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాపలా ఉంది. దాన్ని ఒకడు మోసం చేశాడు, అది దొంగతనమే. నీ క్లెయిము మంజూరైంది. ఇంటర్వ్యూకి ముందే కొత్త లాప్‌టాప్ కొనుక్కోవచ్చు. ధైర్యంగా మాట్లాడు.

శుభాకాంక్షలతో,
ఆంజనేయప్రసాద్

తా.క.: ఫైలులో 'ఆ సమయంలో వస్తువు ఎవరి సంరక్షణలో ఉంది?' అన్న చోట 'బస్సు మొత్తం' అని రాశాను. పైఅధికారి చదివి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా సంతకం పెట్టేశారు. ఆయనదీ మీ కోనసీమేనట, రాజోలు.