ఎవరి రక్తానికి వాళ్ళ ఉమ్మే మందు

జూన్ 3, మంగళవారం

షుగర్ రీడింగ్ రోజూ రాసుకోమని డాక్టరు ఈ డైరీ ఇచ్చాడు. మందుల కంపెనీ వాళ్ళది. అట్ట మీద గుండె బొమ్మ. రీడింగ్ రాయడానికి అర అంగుళం చాలు. మిగతా పేజీ ఖాళీగా వదిలేయడం నా వల్ల కాదు. అగ్గిపెట్టెంత గుడ్డముక్క కూడా పారేయని మనిషిని.

రెండువందల ముప్ఫై.

మంచి కబురు ఒకటుంది. ఏడాదిగా నిప్పుల్లో పెట్టినట్టు మండిన వేళ్ళు ఈ వారం చల్లబడ్డాయి. మంట లేదు. రాత్రి నిద్ర పట్టింది. డాక్టరు మీసం రాని కుర్రాడే అయినా మందు బాగా రాశాడు.

జూన్ 6, శుక్రవారం

కొత్త బొంత ఒప్పుకున్నాను. ఇచ్చింది ఒక నర్సు కూతురు. తల్లి పోయి ఆరు నెలలైంది. ఆవిడ డ్యూటీలో వేసుకున్న తెల్ల కోట్లన్నీ సంచిలో కుక్కి తెచ్చింది. వాటితో బొంత కుట్టాలి, కప్పుకుని పడుకుంటానంది. ఒక జేబు మీద పెన్ను కారిన నీలం మరక ఉంది. సబ్బు పెట్టి చూస్తానన్నాను. వద్దండీ, అది మాత్రం ఉంచెయ్యండి అంది. ఉంచుతాను, అది తప్ప ఇంకొక్క మరక కనిపిస్తే నన్నడుగు అన్నాను. ఆ అమ్మాయి అంత మాట అడగలేదు. నేనే అన్నాను.

మధ్యాహ్నం చిన్నది వచ్చింది. చిన్నది అంటే నా తోడికోడలు. అరవై దాటినా నాకు చిన్నదే. మా ఆయనా పోయాడు, మరిదీ పోయాడు. మాకు మిగిలింది అత్తగారి బొంతల చట్రం. గుడ్డ బిగించి అటు తను కూర్చుంటుంది, ఇటు నేను. ఎవరి అంచు నుంచి వాళ్ళు మొదలుపెట్టి నడిమికి వచ్చి కలుసుకుంటాం. ఆ పట్టీ అయ్యాక చట్రం తిప్పి మళ్ళీ మొదలు. పెళ్ళయినప్పటి నుంచీ ఇంతే. మొగుళ్ళ ముఖాలకంటే ఒకరి ముఖం ఒకరం ఎక్కువసేపు చూసుకున్నాం.

జూన్ 14, శనివారం

చట్రం తిప్పుతుంటే అడుగు బట్ట మీద రక్తం చుక్క. ఆవగింజంత. సరిగ్గా నడిమిన, ఇద్దరి చేతులూ తిరిగే చోట. నాకేమీ గుచ్చుకోలేదు. అంటే తనదే.

బొంత కుట్టేవాళ్ళకు రక్తం కొత్త కాదు. పై చెయ్యి సూది దింపుతుంది, కింద చేతి వేలు కాచుకుని ఉంటుంది. మొన వేలికి తగిలితేనే సూది పొరలన్నీ దాటినట్టు. తగలగానే పైకి తోసెయ్యాలి. ఒక్కోసారి ఆలస్యమవుతుంది. అప్పుడు తెల్ల దారం ముక్క నోట్లో తడిపి రుద్దుకోవాలి. ఎవరి రక్తానికి వాళ్ళ ఉమ్మే మందు అనేది అత్తగారు. ఇంకొకళ్ళు పొద్దస్తమానం రుద్దినా పోదు.

చిన్నదాన్ని రుద్దమన్నాను. ఏదో చెప్పబోయి ఆగింది. దారం నోట్లో పెట్టుకుంది. చాలాసేపు రుద్దింది. పోలేదు, పసుప్పచ్చగా మిగిలింది. నీ ఉమ్మిలో కూడా పస తగ్గిందే అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

జూన్ 17, మంగళవారం

షుగర్ చూసుకోలేదు.

జూన్ 22, ఆదివారం

మళ్ళీ రెండు చుక్కలు.

చిన్నదాని ధ్యాస పని మీద లేదు. కుట్టు కుట్టుకీ నా చేతులకేసి చూస్తోంది. నీ వేళ్ళు ఓసారి చూపించక్కా అంది. ఎందుకే అంటే ఊరికే అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నా వేళ్ళు ఇన్నాళ్ళకు సుఖపడ్డాయి, వాటి జోలికి రాకు అన్నాను. అయితే వెలుతురు చాలడం లేదేమో, లైటు మార్పిద్దామా అంది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు ఇలాంటి వాళ్ళను చూసే.

పాత తోలు సంచి కత్తిరించి వేలికి తొడుగు కుట్టి తెచ్చింది. నన్ను వేసుకోమంది. తోలు అడ్డముంటే మొన తగలడం ఎలా తెలుస్తుంది? నీ వేలికే పెట్టుకో, కారేది నీకే కదా అన్నాను. తన ఒళ్ళో పెట్టుకుంది.

జూలై 1, మంగళవారం

రాయాలని లేదు. రాస్తాను.

నర్సు కూతురు బొంత ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చింది. జేబు మీద నీలం మరక చూసుకుని మురిసిపోయింది. అడుగు బట్ట కూడా చూపిద్దామని చట్రం ఎత్తాను. పప్పుగింజంత చుక్క, ఇంకా తడి. ఆ అమ్మాయి ముఖం మాడిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు అనేశాను. మా తోడికోడలికి చెయ్యి నిలవడం లేదమ్మా, చూపు కూడా ఆనడం లేదు, ఇకనుంచి నేనొక్కదాన్నే కుడతాను అని.

చిన్నది తలెత్తలేదు. సూదుల డబ్బా మూసింది. ఒళ్ళో దారం ముక్కలు దులుపుకుంది. వస్తానక్కా అని కూడా అనకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తోలు తొడుగును మాత్రం చట్రానికి నా వైపున పిన్నుతో గుచ్చి మరీ వెళ్ళింది. ఎంత పొగరు.

జూలై 2, బుధవారం

రాలేదు.

జూలై 9, బుధవారం

రాలేదు. రాకపోతే పోయింది.

తన అంచు కూడా నేనే కుడుతున్నాను. ఇటు కాసేపు కూర్చుని, లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ అటు వెళ్ళి కూర్చోవడం. మోకాళ్ళు గోల పెడుతున్నాయి. రేడియో పెట్టాను. అది ఎంత వాగినా నేను తిడితే పడదు. కట్టేశాను.

తన కుర్చీలోంచి చూస్తే నా కుర్చీ వెనక గోడ పెచ్చులూడి ఉంది. ఇన్నేళ్ళూ తను చూసింది దాన్నన్నమాట. ఒక్కసారీ చెప్పలేదు.

జూలై 15, మంగళవారం

నోరు పిడచకట్టుకుపోతోంది. రెండువందల ఎనభై.

జూలై 20, ఆదివారం

చుక్క.

ఇంట్లో నేను తప్ప పురుగు లేదు. మూడు వారాలుగా ఆ చట్రం మీద ఇంకో చెయ్యి పడలేదు.

దారం నోట్లో పెట్టుకున్నాను. తడి లేదు. నీళ్ళు తాగి, కాసేపాగి, మళ్ళీ పెట్టుకున్నాను. రుద్దాను. పోయింది. రెండు రుద్దులకే పోయింది. ఏమీ జరగనట్టు తెల్లగా ఉంది బట్ట.

ఎడమ చెయ్యి కిటికీ దగ్గరికి పట్టుకుని చూశాను. నడిమి వేలి కొస జల్లెడలా ఉంది. గోరు పక్కన నల్లబడి ఉబ్బింది. నొక్కితే ఏదో కారింది, వాసన. నొప్పి మాత్రం లేదు. ఇంత కుళ్ళిన వేలికి నొప్పి లేదు. దీన్నేగా మొదటి పేజీలో మంచి కబురని రాసుకున్నాను.

పాత చుక్కలన్నీ వెతికి రుద్దాను. పోలేదు. ఎండిపోయాయి.

చిన్నదాని ఉమ్మికి ఆ రోజే ఎందుకు పోలేదో ఆ రోజే తెలియాలి నాకు. అత్తగారి మాట వల్లించిందే నేను. నా ఎదుటే రుజువైంది. నేను చూసి నవ్వాను.

జూలై 21, సోమవారం

డాక్టరు కళ్ళు మూసుకోమన్నాడు. నైలాన్ దారం ముక్కతో వేళ్ళను తాకుతాడట, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. దారమా, దారం సంగతి నాకు చెబుతావా నాయనా అన్నాను. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ మొదలుపెట్టడు. ఇక కానీ బాబూ అన్నాను.

అయిపోయిందమ్మా అన్నాడు.

జూలై 26, శనివారం

వేలి కొస తీసేశారు. చెయ్యంతటికీ నేనే పొడుగని ఇన్నాళ్ళూ విర్రవీగింది నడిమి వేలు. తిక్క కుదిరింది.

ఇక సూది పట్టుకోవద్దన్నాడు డాక్టరు. కట్టు విప్పేదాకానా అంటే, ఎప్పటికీ అన్నాడు. మరి పొద్దు ఎలా పోతుందని అడిగాను. నడవమన్నాడు.

ఆగస్టు 3, ఆదివారం

నడిచాను. రెండు వీధుల అవతల చిన్నది కూతురి దగ్గర ఉంటుంది. కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడి, అమ్మ లేదు పెద్దమ్మా అంది. పక్కనే చిన్నదాని చెప్పులున్నాయి. ఎడమ చెప్పు పట్టీకి నేనేసిన కుట్టు కనిపిస్తూనే ఉంది. సరేలేవే, వచ్చానని చెప్పు అన్నాను.

దారంతా ఏడుస్తూ వచ్చాను.

ఆగస్టు 9, శనివారం

ఎవరి ముందు అన్నానో వాళ్ళ ముందే మింగాలి. నర్సు కూతుర్ని పిలిపించాను. రక్తం నాదమ్మా, మా తోడికోడలి చెయ్యీ బాగుంది, చూపూ బాగుంది, నాకే ఒళ్ళు తెలియలేదు అన్నాను. నేను వెళితే తలుపు తీయదు, ఈ మాట నువ్వే వెళ్ళి చెప్పమ్మా అన్నాను. బొంత వద్దంటే కోట్లు విప్పి ఇచ్చేస్తానని కూడా అన్నాను.

ఆ అమ్మాయి నా చెయ్యి అందుకుంది. ఈ కట్టు ఎవరు కట్టారండీ, ఇంత వదులుగా ఉంది అంది. విప్పి మళ్ళీ కట్టింది. తల్లి నేర్పిందట. తర్వాత చిన్నది ఇల్లెక్కడో అడిగింది.

ఆగస్టు 12, మంగళవారం

చిన్నది వచ్చింది.

చట్రం కిందికి చెయ్యి పోనిచ్చి, నేనొక్కదాన్నే కుట్టిన మేరంతా తడిమింది. సగం కుట్లు అడుగు బట్టను పట్టనే లేదు అంది. కత్తెర తీసుకుని విప్పడం మొదలుపెట్టింది. నేను చూస్తూ కూర్చున్నాను. నా కుట్టు ఇంకొకళ్ళు విప్పడం ఇదే మొదటిసారి.

సాయంత్రానికి నోరు విప్పింది. నీ వేలి నుంచి కారడం మొదటి రోజే చూశానక్కా అంది. చెప్పొచ్చు కదే అన్నాను. చెబితే చట్రం విప్పి అటక మీద పడేసేదానివి, ఆ తర్వాత మధ్యాహ్నాలు నేనెక్కడికి పోవాలి అంది. చూపు తగ్గిందన్నావు నన్ను, పరాయి పిల్ల ముందు అంది. అది మర్చిపోను, మర్చిపొమ్మని అడగకు అంది.

అడగలేదు.

ఆగస్టు 20, బుధవారం

దారం ఎక్కించి ఇవ్వడానికి కూడా పనికిరాను. దారం వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో చూస్తే తప్ప తెలియదు. ఊరికే నా వైపు కూర్చుంటాను. చిన్నది తన అంచు నుంచి బయలుదేరి, నడిమి దాటి, నా అంచు దాకా ఒక్కతే వస్తోంది. నడిమి దగ్గర అలవాటుగా ఆగి నాకేసి చూస్తుంది. మళ్ళీ తల వంచుకుంటుంది.

ఇది ఆఖరి బొంత. ఇద్దరికీ తెలుసు. నెమ్మదిగా కుడుతోంది. అంత నెమ్మది తనది కాదు, కావాలనే. నేనూ తొందరపెట్టడం లేదు.

పసుప్పచ్చ చుక్కలు అలాగే ఉన్నాయి. ఉండనివ్వండి అని చిన్నదానితో అందట నర్సు కూతురు.

ఆగస్టు 31, ఆదివారం

చివరి కుట్టు నన్నే వేయమంది. తోలు తొడుగు నా చేతికిచ్చింది. వద్దన్నాను. ఈసారి బలవంతం చేయలేదు. చట్రం కిందికి వంగి నా వేలు చూస్తూ కూర్చుంది.

కింద ఉంగరం వేలు పెట్టి, పైనుంచి సూది దింపాను. దిగింది. నాకేమీ తెలియలేదు.

అబ్బా అంది చిన్నది.