ఆర్గన్ బూట్లు

14 సెప్టెంబర్ 1999, క్వేకర్స్ హిల్

తమ్ముడింటి దగ్గర ఉదయం వాకింగ్‌లో చర్చిలోంచి ఆర్గన్ వినిపించింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపల కూర్చున్నాను. వాయిస్తున్న ముసలాయన ఎదుటి అద్దంలో నన్ను చూశాడు. మిస్టర్ హోల్‌బ్రూక్. ఇంగ్లండ్‌లో కెథీడ్రల్ అనే ఒక పెద్ద చర్చికి ముప్పై ఏళ్లు ఆర్గనిస్ట్. భార్య పోయాక ఇక్కడ కూతురి దగ్గరికి వచ్చేశాడట. పేజీలు తిప్పిపెడతారా అన్నాడు. సంగీతం నోట్స్ చదవడం రాదన్నాను. నేను తల ఊపినప్పుడు తిప్పితే చాలన్నాడు.

15 సెప్టెంబర్

పాట బాగుండి ఆయన తల ఊపినా తిప్పేశాను. ఆయన నవ్వాడు.

9 అక్టోబర్

రోజూ వెళ్తున్నాను. వదినగారూ, మన ఊరికి తిరిగెళ్లేసరికి మీ పేరు ఎలిజబెత్ అయిపోతుందేమో అని మరదలు శేషు ఆటపట్టించింది.

ఆయన కొత్త కీర్తన రాస్తున్నాడు. రెండువేల సంవత్సరం మొదటి ఆదివారానికి. భార్య పోయిన ఆరేళ్లలో ఇదే మొదటిదట.

30 నవంబర్

ఆయన కాళ్లు వాచాయి. ఆర్గన్‌ని కాళ్లతోనూ వాయించాలి, కింద చెక్క పెడల్స్ ఉంటాయి. అందుకని సన్నటి నల్ల బూట్లు వేరే ఉన్నాయి. అవి ఎక్కడం లేదు. మామూలు బూట్లతో రెండేసి పెడల్స్ నొక్కుకుపోతున్నాయి.

రెండువేలు రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయట, తమ్ముడు వర్ధన్‌కి ఆ Y2K పనిలో తిండికే తీరిక లేదు. ఆయన సంగతి విని, అక్కా, ఆ నోట్స్ ఫైల్ చేసిస్తే కంప్యూటరే వాయిస్తుంది, దానికి కాళ్లు వాయవు అన్నాడు. చర్చి కమిటీ మాటా అదేనట.

1 డిసెంబర్

పూజలో ఆయన కాళ్ల సంగతి చెప్పుకున్నాను. ఏ దేవుడికి చెప్పాలో ఆలోచించలేదు.

17 డిసెంబర్

కీర్తన కాగితాలు నా చేతికిచ్చి, మీ తమ్ముడి కంప్యూటర్‌కే ఇవ్వండి, నేనిక రాను అన్నాడు.

నాకు కోపం తక్కువ. ఇవాళ వచ్చింది. బూట్లు విప్పి వాయించండి అన్నాను. చర్చిలో వట్టికాళ్లతోనా, అమర్యాద కాదూ అన్నాడు. మావైపు బూట్లతో వెళ్తేనే అమర్యాద అన్నాను.

ఆయన మెల్లగా, మా గ్రంథంలోనూ దేవుడు ఒకాయనతో చెప్పులు విడువు, ఇది పరిశుద్ధ స్థలం అన్నాడు, డెబ్బై ఏళ్లుగా చదువుతున్నాను, తట్టనేలేదు అన్నాడు.

ఆయన వంగలేడు. లేసులు నేనే విప్పాను.

18 డిసెంబర్

పెడల్స్ చల్లగా ఉన్నాయట. తప్పులు మూడే.

1 జనవరి 2000

ఏ కంప్యూటరూ ఆగలేదు. వర్ధన్ కాస్త నిరాశపడ్డట్టున్నాడు.

2 జనవరి, ఆదివారం

వాయించాడు. చివరి పేజీ దగ్గర తల ఊపడం మరిచిపోయాడు. నేను సరిగ్గానే తిప్పాను.

అయ్యాక బూట్లు అక్కడే మరిచి, ఇక్కడి జనవరి ఎండలో గడ్డిమీద వట్టికాళ్లతోనే ఇంటికి నడిచి వెళ్లిపోయాడు.

నేను తెచ్చిన ఆయన బూట్లు మా గుమ్మం దగ్గర, నా చెప్పుల పక్కన ఉన్నాయి.