నువ్వు చేయించిన లామినేషన్

నాన్నా, నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. దండం పెట్టుకోవాల్సిన రోజున నీ మీద కోపంగా ఉన్నాను.

దుబాయ్‌లో డెంటిస్టు ఉద్యోగం కోసం నా డిగ్రీ పట్టాకు ప్రభుత్వ ముద్ర వేయించడానికి వెళ్లాను. కౌంటర్‌లో ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "లామినేషన్ ఎవరు చేయించమన్నరమ్మా? దీని మీద స్టాంపు ఎట్ల పడ్తది? డూప్లికేట్ తెచ్చుకో" అన్నాడు. దుబాయ్ వాళ్లు కాగితాలు నెలాఖరుకల్లా కావాలన్నారు. డూప్లికేట్ వచ్చేసరికి ఆ ఉద్యోగం ఉండదు.

ఇంక మళ్లీ ఆ చిలకలగూడ క్లినిక్కే. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నడుం వంచి పళ్లు చూస్తే, వచ్చే జీతం మన వీధి టిఫిన్ సెంటర్లో దోసెలు వేసేవాడి కన్నా తక్కువ. పెంచమంటే, "నువ్వు గాకుంటె ఇంకో డాక్టర్. లైన్ల నిలబడ్డరు" అంటాడు ఓనర్.

పట్టా వచ్చిన రోజు నువ్వు బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల మూటలు దించి వచ్చి, చేతులు కడుక్కుని మరీ దాన్ని పట్టుకున్నావు. నన్ను అడగకుండానే లామినేషన్ చేయించుకొచ్చి, "నీ సొంత దవాఖానల గోడకు తగిలిస్తే వానకు సుత పాడుగాదు బిడ్డా" అన్నావు.

పాడవలేదు నాన్నా. ఎనిమిదేళ్లయినా కొత్తదానిలాగే ఉంది. గోడే లేదు.