వేలు తడమని చోటు

జనగామ,
14 నవంబరు 2025, శుక్రవారం.

గుగులోతు సుభాష్‌కు,

జగపతి రాసేది. ముందు చిరంజీవి అని రాసి కొట్టేసిన. తర్వాత శ్రీయుత అని రాసి అదీ కొట్టేసిన. పైన కనబడే మరకలు అవే. నువ్వు, నీ భార్య నవ్య, మీ అవ్వ రుక్కి క్షేమంగా ఉన్నరని తలుస్తున్న. ఇక్కడ మీ అహల్యమ్మకు మోకాళ్లు తప్ప మిగతావన్నీ బాగనే పనిచేస్తున్నయి, ముఖ్యంగా నోరు. నా సంగతి ఏం చెప్పాలె? మొన్న బొటనవేలు తెగింది, కట్టుతోనే రాస్తున్న. అక్షరాలు వంకర పోయినయని, ముసలోని పని అయిపోయిందని సంతోషపడకు. ఇది డెబ్బై మూడేండ్ల వంకర కాదు.

నా మీద ఫిర్యాదు పెట్టినాయన నాకే ఉత్తరం రాసుడేంది అనుకుంటవు. ఎల్లుండి ఆదివారం మానుకోటలో మెకానిక్కుల సంఘం కూర్చుంటది. నీ నకిలీ ఫిల్టర్ వల్లనే మా అభిలాష్ కారు ఇంజను పోయిందని తేలిస్తే, మూడు జిల్లాల్లో ఏ షెడ్డూ నీ దుకాణంలో సామాను కొనొద్దని తీర్మానం చేస్తరు. తేల్చేదేమున్నది, సంఘం అధ్యక్షుడు సోమనర్సయ్య ఆ కాగితం రాసే పెట్టుకున్నడు. నాకు చూపించిండు. నా సంతకానికి చోటు వదిలిండు. ఆయన కొడుకు నీ దుకాణం ఎదురుగనే స్పేర్ పార్టుల షాపు తెరుస్తున్నడన్న సంగతి మాత్రం చెప్పలేదు. అది నాకు నిన్న తెలిసింది. నన్ను కట్టెగ చేసి నిన్ను కొట్టాలనుకున్నడు. సరే, వాని లెక్క వానితో చూసుకుంట. ముందు నీది.

భూపాలపల్లి గనిలో డంపర్ల వర్క్‌షాపుకు నేను ఫోర్మన్‌గ ఉన్నప్పుడు మీ నాయిన సేవ్యా కురవి అవతల తండా నుంచి నిన్ను తీసుకొచ్చి, సారూ, వీనికి చెయ్యి నేర్పుండ్రి, బువ్వ వాడే సంపాదించుకుంటడు అన్నడు. పందొమ్మిదేండ్లు నీకు. పద్నాలుగేండ్లు నన్ను ఉస్తాద్ అన్నవు. నాకు పుస్తకాల పిచ్చి ఉన్నదని, టిఫిన్ డబ్బా కింద పెట్టుకొని తెచ్చిన పుస్తకానికి నూనె మరక తాకకుండ అట్ట వేసేటోనివి. అంత చేసినోనివి, మానుకోటలో సొంత దుకాణం తెరుస్తూ నాకు కార్డు పంపినవు. ఉస్తాద్‌కు కార్డు పంపుతరా? వచ్చి చెప్తరు. ఆ కార్డు ఇంకా నా దగ్గర ఉన్నది. మరిచిపోయిన అనుకోకు.

అక్టోబరులో అభిలాష్‌ను వెంటబెట్టుకొని నీ దుకాణానికి వచ్చింది ఆ కార్డు మీద కోపంతోనే. వాడు నా తమ్ముని కొడుకైనా చదివేది ఫోన్‌లో వీడియోలే. టర్బో ఇంజను కారు కొన్నడు. కంపెనీ ఇచ్చిన దమ్ము చాలదని హైదరాబాద్‌లో ఎవనికో ఇచ్చి ఇంకింత పెంచిపిచ్చిండు. ఇప్పుడు ఏ ఆయిల్ ఫిల్టర్ వెయ్యాలె, కంపెనీదా, బయటిదా అని నన్నడిగిండు. కంపెనీదే అన్న. సుభాష్ అన్నను కూడ అడుగుదాం పెదనాయినా అన్నడు. అక్కడ నాకు మండింది.

నీ కౌంటరు దగ్గర మన వాదన పది మంది విన్నరు. ఇంజను చేసినోనికి తెలుస్తది దాని కడుపుకేం పడుతదో అన్న. ఫిల్టర్ లోపల స్ప్రింగు వాల్వు ఉంటది, కాగితం మూసుకపోతే అది ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో కంపెనీ కొలిచి పెట్టింది, బయటోడు పది కార్లకు ఒకటే మూత చేసి అమ్ముతడు అన్న. నువ్వు గొంతు పెంచలేదు. ఉస్తాద్, కారు కంపెనీ ఇచ్చినట్టే ఉంటే మీ మాటే నా మాట, ఈయన దాన్ని ఉండనియ్యలేదు గద, నూనె వేడి పెరిగింది, ఒత్తిడి పెరిగింది, గిందుల కాగితం బదులు సింథటిక్ పొర ఉన్నది, రేకు దళసరి, వాల్వు కొలత కంపెనీదే, గిదిగో డబ్బా మీద చదువుండ్రి అన్నవు. నా జేబులో అద్దాలు లేవని చూసే చదువుండ్రి అన్నవు.

అభిలాష్ బయటిదే తీసుకున్నడు. ఇక్కడనే ఎక్కిస్త, పది నిమిషాల పని అన్నవు. వద్దన్న. ఇంట్లో నా చేతితో ఎక్కిస్త అన్న. అయితే ఉస్తాద్, పాతది తీసినంక జర వేలు పెట్టి తడిమి చూడుండ్రి అన్నవు. పక్కన ఎవడో కిసుక్కుమన్నడు. డంపరు కింద పండుకోబెట్టి, నీ వేలు పట్టుకొని ఫిల్టర్ కూర్చునే ఇంజను ముఖం మీద గుండ్రంగ తిప్పి, కన్ను మోసం చేస్తది, వేలు చెయ్యదురా అని నీకు నేర్పింది నేను. నా పాఠం నాకే అప్పజెప్పినవు. ఆ రోజు నీ దుకాణంలో చాయ్ తాగకుండ వచ్చి, ఇంట్లో నేనే ఫిల్టర్ ఎక్కిచ్చిన.

మరునాడు పొద్దున అభిలాష్, వాని భార్య అలేఖ్య టేకుమట్ల బయలుదేరిన్రు. రేగొండ దాటినంక డాష్‌బోర్డు మీద నూనె దీపం వెలిగిందట. ఏందిది అని అలేఖ్య అడిగేలోపల ఇంజను బిగుసుకపోయింది. వెనుక బొగ్గు లారీ. ఆ డ్రైవరు ఎవ్వడో గాని వానికి దండం పెట్టాలె, లారీని పత్తి చేన్లకు మళ్లించిండు. అలేఖ్య ఇప్పటికీ ఏ కారులోనూ ముందు సీట్ల కూర్చోదు. దీపం వెలిగిందేమో చూడు అని వెనుక నుంచి అడుగుతనే ఉంటదట.

భూపాలపల్లి నుంచి మెకానిక్ మొగిలి వచ్చి చూసిండు. ఫిల్టరుకు, ఇంజనుకు నడుమ నుంచి నల్ల రబ్బరు రింగు నాలిక వెళ్లబెట్టినట్టు బయటికి వేలాడుతున్నది. నూనెంతా అక్కడి నుంచే పోయింది. ఫొటో తీసి నాకు పంపిండు. ఫిల్టర్ విప్పి, ఆ రబ్బరుతో సహా సంచిల కట్టి తెచ్చిచ్చిండు. నీదేం అభిప్రాయం అన్న. పటేలా, మీరు పెద్దోళ్లు, మీరే ఇప్పి చూసుకోండ్రి, నేను చెప్పేటోన్ని కాదు అని చాయ్ కూడ తాగకుండ పోయిండు. నీకు భయపడి అంటున్నడు అనుకున్న.

ఫొటో ఒక్క పూటలో అందరి ఫోన్లలోకి పోయింది. రబ్బరు ఒక్క రోజు కూడ ఆగలేదు, ఇదీ బయటి సరుకు గొప్ప అని కింద నేనే రాసిన. మొదటి పంచాయితీలో నువ్వు చేతులు కట్టుకొని నిలబడ్డవు. ఒక్కటే మాట. ఉస్తాద్, ఆ సంచి ఒక్కసారి మీ ఇంట్ల, మీ అంతట మీరు ఇప్పి చూడుండ్రి అన్నవు. నేను మూతి తిప్పుకొని, తండా నుంచి తెచ్చి మనిషిని చేసిన, తండా బుద్ధి పోలే అన్న. సభ నవ్వింది. నిన్ను కన్న మీ అవ్వ అన్నం డబ్బా తెచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నది. ఆ తర్వాత నువ్వు నన్ను జగపతి సార్ అన్నవు.

మొన్న బుధవారం, ఆదివారానికి సాక్ష్యం తయారు చేద్దామని ఆ సంచి విప్పిన. రేకు కత్తెరతో నీ ఫిల్టర్ కోసిన. పాత కంపెనీ ఫిల్టర్ కూడ కోసిన. తీసిన రోజు నుంచి దాన్ని పుస్తకాల అలమరలో పెట్టుకున్న, నీతో వాదనకు పనికొస్తదని. రెండిటినీ టేబుల్ మీద పాత పేపరు వేసి పరిచిన. కంపెనీది మంచిదే, కాని కాగితం మడతలు కొన్ని ఒకదానికొకటి అతుక్కున్నయి. నీది ఒక్క మడత చెదరలేదు. పొర చినుగలేదు. వాల్వు స్ప్రింగు వేలుతో నొక్కి చూసిన, రెండూ ఒకటే బిగువు. రేకు కొయ్యబోతే నా బొటనవేలు తెగింది, అంత దళసరి.

కాబట్టి రాస్తున్న. నీ సరుకు నకిలీది కాదు. ఆదివారం ఆ మాట చెప్పి ఫిర్యాదు వాపసు తీసుకుంట. సోమనర్సయ్య కాగితం ఆయన ముందరే చింపుత. ఇంజను ఎందుకు పోయిందో నాకు తెలియదు. యంత్రాలు పోతయి. అయినా మామూలు కారుకు కంపెనీ ఫిల్టరే మేలు అన్న మాట మీద నేను ఉన్న, దాన్ని మార్చుకోను.

నవ్యకు ఆశీస్సులు. మీ అవ్వకు ఏం చెప్పాలో తెలుస్తలేదు.

ఇట్లు,
జగపతి

తా.క. శనివారం పొద్దున.

కవరు అంటించి మళ్లీ చింపిన. ఎందుకు పోయిందో తెలియదు అని పైన రాసింది అబద్ధం.

నీ ఫిల్టర్ రబ్బరు రింగు దాని గాడిలోనే ఉన్నది, కొత్తదిలెక్క. మరి ఫొటోలో వేలాడిన రింగు ఎక్కడిది? అలమరలోంచి తీసిన కంపెనీ ఫిల్టర్ తిప్పి చూసిన. దాని గాడి ఖాళీ. పాత రబ్బరు ఇంజనుకే అతుక్కొని ఉండిపోయింది. నేను తడమలేదు. నువ్వు చెప్పినవని తడమలేదు. దాని మీద నీ ఫిల్టర్ బిగిచ్చిన. రబ్బరు మీద రబ్బరు ఆగదు, ఒత్తిడికి ఒకటి బయటికి తన్నుతది. అలేఖ్యను ఆ లారీ ముందర నిలబెట్టింది నేను. నెల రోజులు ఆ ఖాళీ గాడి నా పుస్తకాల నడుమ కూర్చొని నన్నే చూస్తున్నది.

అహల్యకు చూపించిన. మీకు కండ్లు మసకబట్టి నాలుగేండ్లాయె, వేలు కూడ మసకబట్టిందా అన్నది.

నువ్వు ఫొటో చూసిన్నాడే తెలుసుకున్నవు. మొగిలి కూడ తెలుసుకున్నడు. ఉస్తాద్ పరువు పోతదని దుకాణం పోగొట్టుకుందామనుకున్నవా? నాకు కృతజ్ఞత రావాలె, కోపమొస్తున్నది. నిన్ను అట్ల నేర్పింది ఎవడు?

ఆదివారం ముందుగాల ఫిల్టర్ మాట చెప్పను. తండా మాట చెప్త. నీ సరుకు నిజంగ నకిలీదైనా ఆ మాట తప్పే. మీ అవ్వను తలుపు దగ్గర కాదు, లోపల కూర్చోబెట్టు.

ఈ ఉత్తరంతో వచ్చే డబ్బాలో రెండు ఫిల్టర్లు, ఆ రింగు ఉన్నయి. అభిలాష్ చేతనే పంపుతున్న. వానికింకా చెప్పలేదు, ధైర్యం చాలలేదు. వాని ముందరే విప్పు, పాతదాని గాడి వేలుతో తడమమను. ఇవి నా దగ్గర ఉంచుకోదలచుకోలేదు. సరిపోయే రబ్బరు రింగు ఇక్కడ బస్టాండు ముందు షాపులో దొరుకుతది. నిన్న నేను పోయి ఒకటి కొనుక్కొచ్చిన. ఆ ఖాళీ గాడిలో పెట్టి చూసిన. సరిగ్గా కుదిరింది, చూసినోడెవడూ నా తప్పు పట్టలేడు. తీసి, అదీ డబ్బాలో వేసిన.