అక్క చేతికి సరిపడే కర్ర

బావా,

ఎలా ఉన్నావని అడగబోయాను, అలవాటు చొప్పున... నువ్వు పోయి ఏడాది కావస్తోంది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అక్క కూడా ఇప్పుడు వేళకి తింటోంది.

కొండ కింద మన మెట్ట భూమి చెక్కలో అక్క ఈసారి చిలగడదుంప వేసింది. నువ్వు లేవని అడవిపందులకు ఎవరు చెప్పారో, తీగ పాకగానే దిగాయి. వాటిని తరిమే నీ విల్లేమో నీతోపాటే చితి మీద పెట్టేశాం. ఈ పంట కూడా పందుల పాలైతే, భూమి కౌలుకిచ్చి అక్కని తనుండే గరివిడి తీసుకుపోతానని నాన్న వచ్చి కూర్చున్నాడు. అక్కడ కార్ఖానా వీధుల్లో కరెంటు దీపాలున్నాయట. అక్కకి దీపాలెందుకు? ఈ చెక్క ఉంటే చాలు.

అందుకే విల్లు చేస్తానన్నాను. వడ్రంగిని కదా, ఆ మాత్రం చేయలేనా అనుకున్నాను. నవ్వకు. ముందు టేకు తీశాను. ఎండినా వంగని కర్ర ఏరడమే నా చేతికి తెలిసిన పని... తలుపులకీ మంచాలకీ అదే కదా కావాలి. నున్నగా చిత్రిక పట్టి, తాడు బిగించి లాగితే ఫట్‌మని విరిగింది. తర్వాత పచ్చి వెదురు తెచ్చాను. అది వంగింది, వంగినట్టే ఉండిపోయింది. నువ్వుంటే ఊరుకునేవాడివా? "ఒరే అప్పన్నా, మంచం కోళ్లు సేసుకోరా, నీకెందుకీ గొడవ" అని ఊరంతా చాటేవాడివి.

నీ విల్లు ఏ కర్రతో చేశావని ఎన్నిసార్లు అడిగానో. "ఒంగి లేసే కర్రరా, ఇంకేటి కావాల?" అనేవాడివి. చెట్టు పేరు చెబితే నీ సొమ్మేం పోయేది?

అక్క మాత్రం అటక మీది నీ కావడి బద్ద దించి నా ముందు పెట్టింది. తడ చెట్టు కర్రతో చేసింది. నీ భుజం మీద ఎన్ని వరి మోపులు మోసిందో, నీ ప్రతి అడుగుకీ వంగి లేచింది, ఏనాడూ చీలలేదు. నాకెందుకు తట్టలేదు? తట్టినా దాన్నిమ్మని అక్కని అడగగలిగేవాడినా? దాని మీద బాడిస వేయడానికి ఆ రోజు చెయ్యాడలేదు బావా. ఏడ్చాను.

మర్నాడు మొదలుపెట్టాను. ఈసారి నా గీత గీయలేదు, కర్రలోని నారపోగు ఎటు వెళ్తే అటే వెళ్లాను. పైవైపు ముట్టుకోకుండా లోపలివైపే కాస్త చెక్కడం, అక్క చేత లాగించడం, మళ్లీ కాస్త చెక్కడం... ఆమె బలానికి ఒప్పేదాకా అదే పని. నీ భుజం ఒరుసుకుని నున్నబడిన నడిమి భాగాన్ని మాత్రం చెక్కలేదు. అక్క పిడికిలి ఇప్పుడు అక్కడే పడుతుంది.

మునిమాపు మంచె ఎక్కి అక్క వేసిన మొదటి బాణం పంది వీపు మీదుగా పోయి గట్టులో దిగింది. మంద మొత్తం కొండెక్కింది. మళ్లీ రాలేదని నీకు అబద్ధం చెప్పను. వస్తున్నాయి. అక్క వేస్తోంది.

దుంపలు తవ్వాం. నాన్న ఒక బస్తా భుజాన వేసుకుని ఒక్కడే గరివిడి బస్సెక్కాడు.

వచ్చే ఏడు అక్క చోళ్ల విత్తనాలు చల్లుతానంటోంది. దున్నేది నేను. ఆ చెక్క కౌలుకివ్వం బావా, మాటిస్తున్నాను.

నీ బావమరిది,
అప్పన్న