చక్కెర తోడొస్తే

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి తొమ్మిదేళ్లు. ఇవాళా అడవిలోని అన్నలు, నక్సలైట్లు, బంద్‌కు పిలుపిచ్చారు. రాయికల్ నుంచి జగిత్యాలకు బస్సుల్లేవు, సరిగ్గా ఆ రోజులాగే. పక్కింటి లచ్చవ్వ మనవరాలికి పొద్దుట్నుంచి వాంతులు, విరేచనాలు.

"నీళ్లియ్యకుర్రి, తాగినకొద్ది ఇంకింత పోతది" అంది లచ్చవ్వ. అప్పుడు మనింట్లో అందరూ అన్న మాటా అదే.

నేనిప్పుడు నర్సు ట్రైనింగులో ఉన్నాను. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, చక్కెర కలిపి చెంచాతో పట్టాను. పేగులోని ఒక్కో కణం చుట్టూ కంటికి కనబడనంత పలుచని పొర ఉంటుందట. ఇలాంటి జబ్బులో ఉప్పు ఒక్కటే వస్తే లోపలికి దారి దొరకదు. చక్కెర తోడొస్తే ఆ పొర రెండింటినీ కలిపి తీసుకుంటుంది. వాటి వెనకే నీళ్లూ వెళతాయి. అంత పలుచని పొరకు ఇదంతా ఎవరు నేర్పారురా? పుస్తకంలో చదివినప్పుడు నేను నమ్మలేదు. మధ్యాహ్నానికి పిల్ల కళ్లు తెరిచింది.

"అక్కా, ఇంకిన్ని నీళ్లియ్యి" అంది.

ఆ రోజు కూడా మనింట్లో ఉప్పుంది. మన బాపు ముత్యంపేట ఫ్యాక్టరీకి చెరుకు తోలి తెచ్చిన చక్కెర డబ్బా నిండా ఉంది. నువ్వు నీళ్లడిగినప్పుడల్లా చెంబును నీకందకుండా జరిపింది నేనే.